రెండున్నర వేల మందికి అంత పెద్ద కోర్టు భవనం ఎందుకు? కాన్సస్‌లోని చేజ్ కౌంటీ కథ

కాన్సస్ సిటీ, ఓవర్‌లాండ్ పార్క్ వైపు ఉండే తెలుగువాళ్ళలో చాలామంది చేజ్ కౌంటీ గుండా వెళ్ళే ఉంటారు, ఆ పేరు తెలియకుండానే. విచిటా వెళ్ళే ఐ-35 టర్న్‌పైక్ మీద ఎంపోరియా దాటిన కాసేపటికి చెట్లు పలచబడతాయి, ఇళ్ళు కనిపించవు, ఎటు చూసినా గడ్డి కప్పుకున్న గుట్టలే. బజార్ అనే చోట పశువుల లారీల కోసమే పెట్టిన ఎగ్జిట్ కూడా ఒకటుంది. మనం కారు ఆపకుండా దాటేస్తాం. నేనూ చాలాసార్లు అలాగే దాటేశాను. ఒకసారి మాత్రం ఎంపోరియా దగ్గర దిగి, 50వ నంబరు రోడ్డు మీద పడమటికి దాదాపు 20 మైళ్ళు పోయి, స్ట్రాంగ్ సిటీ దగ్గర దక్షిణానికి తిరిగి, నది దాటి కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊళ్ళోకి వెళ్ళాను. ఇటుకలు పరిచిన వీధి, పేరు బ్రాడ్‌వే. రెండు పక్కలా పాత దుకాణాలు. వీధి చివర, దారికి అడ్డంగా నిలబడ్డట్టు, లేత రంగు రాతితో కట్టిన మూడంతస్తుల కోర్టు భవనం, దాని మీద ఎర్రటి ఏటవాలు కప్పు, ఆ పైన గడియారపు గోపురం.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీ మొత్తం మీద ఉన్నది 2,572 మంది. మన వైపు ఒక మామూలు ఊరి జనాభా అంత. విస్తీర్ణం మాత్రం దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు. ఇంత తక్కువ మందికి అంత భవనం ఎవరు కట్టారు, ఏ ధైర్యంతో కట్టారు, జనం వెళ్ళిపోయినా అది ఎలా నిలబడింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

దీనికి మామూలుగా చెప్పే సమాధానం ఒకటుంది: ఒకప్పుడు బాగా బతికిన ఊళ్ళు, రైతులు పట్నాలకు పోయారు, భవనాలు మిగిలిపోయాయి. మిడ్‌వెస్ట్‌లో చాలా కౌంటీలకు ఇది సరిపోతుంది. చేజ్ కౌంటీకి సగమే సరిపోతుంది. ఇక్కడ అసలు కథ నేల కింద ఉన్న రాయితో మొదలవుతుంది. ఈ భవనాలను నిలబెట్టిందీ ఆ రాయే, జనాన్ని ఎక్కువగా నిలవనీయనిదీ ఆ రాయే. ఈ రెండూ వేరువేరు సంగతులు అనుకున్నంతకాలం కౌంటీ అర్థం కాదు.

రాయి దగ్గరికి వెళ్ళేముందు ఒక చిక్కు విప్పుకోవాలి. కౌంటీ అనగానే మనం జిల్లా అనుకుంటాం. జిల్లా అంటే మనకు కలెక్టరు, అంటే పైనుంచి వచ్చే అధికారం. కాన్సస్‌లో కౌంటీ అలా కాదు. కమిషనర్లను, షెరీఫ్‌ను, ట్రెజరర్‌ను, క్లర్కును, భూమి దస్తావేజులు నమోదు చేసే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌ను కూడా అక్కడి ఓటర్లే ఎన్నుకుంటారు. మన సబ్ రిజిస్ట్రార్ ఓట్లు అడుక్కుంటూ వీధిలో తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలాంటిది. పన్ను కట్టాలన్నా, పొలం కొన్నా, పెళ్ళి లైసెన్సు కావాలన్నా, తగాదా వచ్చినా ఆ ఒక్క భవనానికే రావాలి. అందుకే కౌంటీలను చిన్నవిగా గీశారు, రైతు గుర్రపు బండి మీద వచ్చి పని చూసుకుని తిరిగి వెళ్ళగలిగేలా. కాన్సస్‌లో ఇప్పటికీ 105 కౌంటీలు ఉన్నాయి. కార్లు వచ్చాక వాటిలో చాలావాటి అవసరం తగ్గినా గీతలు మాత్రం చెరగలేదు.

ఆ గీతల వెనక ఇంకా పాత గీతలున్నాయి. 1785 చట్టంతో అమెరికా ప్రభుత్వం పడమటి భూమినంతా చదరంగపు గడుల్లా కొలవడం మొదలుపెట్టింది. ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళ చతురస్రం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాంట్లో నాలుగో వంతు 160 ఎకరాలు. కాన్సస్‌లో ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16వ, 36వ సెక్షన్లు బడుల ఖర్చు కోసం పక్కన పెట్టారు. కొలిచినవాళ్ళు గుట్ట ఉందా వాగు ఉందా అని చూడలేదు, అక్కడ మనుషులు ఉన్నారా అని అసలే చూడలేదు.

మనుషులున్నారు. కాన్సస్ అన్న పేరే వాళ్ళది. కాన్జా లేదా కా అని పిలిచే ప్రజలు ఈ గుట్టల్లో తరతరాలుగా వేటాడారు. 1825 ఒప్పందంతో వాళ్ళ భూమిలో చాలా భాగం పోయింది. 1846లో ఇంకొక ఒప్పందంతో చేజ్ కౌంటీకి ఉత్తరంగా, ఇప్పటి కౌన్సిల్ గ్రోవ్ దగ్గర, 20 మైళ్ళకు 20 మైళ్ళ రిజర్వేషన్‌కు వాళ్ళను చేర్చారు. 1859లో దాన్ని కూడా బాగా కోసేశారు. అదే 1859లో చేజ్ కౌంటీ ఏర్పడింది. సాల్మన్ చేజ్ అనే ఒహాయో రాజకీయ నాయకుడి పేరు పెట్టారు. ఆయన బానిసత్వానికి గట్టి వ్యతిరేకి, తర్వాత లింకన్ దగ్గర ఆర్థిక మంత్రిగా, ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. కాన్సస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అని మనుషులు ఒకరినొకరు చంపుకుంటున్న రోజులవి, కాబట్టి ఆ పేరు పెట్టడమంటే తాము ఏ పక్షమో చాటి చెప్పుకోవడమే. బానిసత్వం వద్దని నిలబడ్డ మనుషులే కా ప్రజల భూమి మీద హక్కు తమదేనని ఏ సందేహం లేకుండా నమ్మారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే ఆ కాలాన్ని చూడాలి, ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం సరికాదు.

1873ను గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు మే నెలలో సాల్మన్ చేజ్ చనిపోయాడు. వేసవిలో కా ప్రజలను కాన్సస్ నుంచి పూర్తిగా తరలించి, ఇప్పుడు ఓక్లహోమాలో ఉన్న భూమికి పంపించారు. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో కోర్టు భవనం పూర్తయిందీ ఆ సంవత్సరమే. పర్యాటకులకు చెప్పే కథల్లో మూడోది ఉంటుంది, మొదటిది అప్పుడప్పుడు ఉంటుంది, రెండోది చాలా అరుదు.

ఇప్పుడు రాయి. ఈ ప్రాంతాన్ని ఫ్లింట్ హిల్స్ అంటారు, అంటే చెకుముకి గుట్టలు. 1806లో ఈ దారిన వెళ్ళిన జెబులాన్ పైక్ అనే సైనికాధికారి తన దినచర్యలో ఈ చెకుముకి గుట్టల గురించి రాసుకున్నాడు. కోట్ల సంవత్సరాల కిందట, పర్మియన్ యుగంలో, ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. అది ముందుకొచ్చినప్పుడూ వెనక్కి పోయినప్పుడూ పొరలు పొరలుగా పేరుకున్నదే ఈ నేల: ఒక పొర సున్నపురాయి, ఒక పొర షేల్ అనే మెత్తటి మట్టిరాయి, మళ్ళీ సున్నపురాయి. మెత్తటి పొర త్వరగా అరిగిపోతుంది, గట్టి పొర మెట్టులా నిలుస్తుంది. అందుకే ఇక్కడి గుట్టలు దూరం నుంచి మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కొన్ని సున్నపురాయి పొరల్లో చెకుముకి ముద్దలు ఉంటాయి. వానకు సున్నపురాయి కరిగిపోయినా చెకుముకి కరగదు, పైమట్టిలో ముక్కలై మిగిలిపోతుంది.

నాగలి కర్రు ఆ ముక్కలకు తగిలితే ఏమవుతుందో వ్యవసాయం తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఐయోవా, ఇల్లినాయిస్‌లలో నిలువెత్తు గడ్డి మైదానాలను ఉక్కు నాగళ్ళు ఒకటి రెండు తరాల్లో మొక్కజొన్న చేలుగా మార్చేశాయి. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో దాదాపు 17 కోట్ల ఎకరాల్లో ఉన్న ఆ పొడుగు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం లోపే, అందులోనూ ఎక్కువ భాగం ఈ ఫ్లింట్ హిల్స్‌లోనే. ఎవరో కాపాడాలనుకుని కాపాడింది కాదది. దున్నడం కుదరక మిగిలింది. నది పక్కన సన్నటి పట్టీల్లో మాత్రం మంచి ఒండ్రు నేల ఉంది, అక్కడ పంటలు వేశారు. మిగతా అంతా గడ్డి.

అదే రాయి తాపీమేస్త్రీకి మాత్రం వరమే. కాటన్‌వుడ్ సున్నపురాయి అని ఈ కౌంటీ నది పేరుతోనే పిలిచే పొర ఒకటుంది. రంగు లేత గోధుమ, పొర అంతా ఒకే మందం, అడ్డదిడ్డంగా పగలదు. వరసగా రంధ్రాలు కొట్టి, వాటిలో ఇనప చీలలు దిగ్గొడితే తిన్నగా చీలుతుంది. దగ్గరగా చూస్తే రాతిలో గోధుమ గింజల్లాంటివి కనిపిస్తాయి. అవి గింజలు కావు, ఆ పాత సముద్రంలో బతికిన ఫ్యూసులినిడ్ అనే ఏకకణ జీవుల గుల్లలు. కోర్టు భవనం గోడ దగ్గర నిలబడి వేలు పెట్టి చూడండి, చేతికి తగులుతాయి. తాండూరు బండ, కడప బండ పరుచుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. ఆ బండలూ సున్నపురాయి జాతివే, కాబట్టి ఈ రాయి మనకు మరీ పరాయిదేం కాదు. టొపీకాలో ఉన్న కాన్సస్ రాష్ట్ర రాజధాని భవనం చాలా భాగం ఈ కౌంటీ రాతితోనే కట్టారు.

గడ్డినేలలో చెట్లు తక్కువ. కలప నది ఒడ్డునే దొరికేది. రాయి మాత్రం గుట్ట తవ్వితే చాలు. కాబట్టి ఇతర కౌంటీల్లో చెక్కతో కట్టుకున్నవన్నీ ఇక్కడ రాతితో కట్టారు: ఇళ్ళు, బడులు, దుకాణాలు, వంతెనలు, పశువుల కొట్టాలు, చివరికి కంచెలు. క్లెమెంట్స్ దగ్గర కాటన్‌వుడ్ నది మీద 1880లలో కట్టిన రెండు కమానుల రాతి వంతెన ఇప్పటికీ ఉంది. కంచెల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1867లో కాన్సస్ ఒక చట్టం చేసింది, పశువులను ఇష్టం వచ్చినట్టు వదిలేయడం మానండి, నాలుగున్నర అడుగుల ఎత్తు రాతి గోడ కట్టుకుంటే రాడ్‌కు 40 సెంట్లు ఇస్తాం అని. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, అంటే మైలు గోడకు 128 డాలర్లు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చుకుంటూ పోవడమే. ఆ గోడలు గుట్టలెక్కి దిగుతూ మైళ్ళకు మైళ్ళు పోతాయి. ముళ్ళ తీగ చవగ్గా దొరకడం మొదలయ్యాక కొత్తవి కట్టడం ఆగిపోయింది, పాతవాటిలో చాలా కూలాయి, కానీ బాగా కట్టినవి నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆవును ఆపుతున్నాయి.

కోర్టు భవనం దగ్గరికి మళ్ళీ వద్దాం. 1870 లెక్కల్లో కౌంటీ జనాభా 1,975. ఇప్పటికంటే తక్కువ! ఆ కొద్దిమందీ అప్పు తెచ్చి మరీ, 40 వేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఆ భవనం కట్టారు. గీసింది జాన్ హాస్కెల్, రాష్ట్ర రాజధాని భవనం మీద కూడా పనిచేసిన ఆర్కిటెక్ట్. ఏటవాలు కప్పుతో ఉండే ఆ తీరును సెకండ్ ఎంపైర్ అంటారు, పారిస్‌లో మూడో నెపోలియన్ కాలంలో పుట్టి అప్పట్లో అమెరికా అంతా ఫ్యాషన్ అయింది. లోపల పై అంతస్తు దాకా మెలి తిరుగుతూ వెళ్ళే మెట్ల వరస ఉంది, కర్ర ఆ నది ఒడ్డున పెరిగిన వాల్‌నట్ చెట్లది. జైలు కూడా అందులోనే ఉండేది.

వాళ్ళు ఉన్న జనం కోసం కట్టలేదు, రాబోయే జనం కోసం కట్టారు. ఇది పిచ్చి కాదు, లెక్క. 1862 హోంస్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకుని అయిదేళ్ళు ఉంటే భూమి సొంతం. 1871లో శాంటా ఫే రైలు ఈ కౌంటీ మీదుగా పడమటికి సాగింది. రైల్వేకు కూడా ప్రభుత్వం దారి పొడుగునా సెక్షన్లు ఇచ్చింది, వాటిని అమ్ముకోవాలంటే జనం రావాలి, కాబట్టి రైల్వేనే జనాన్ని పిలిచింది. పెద్ద రాతి కోర్టు అంటే వచ్చేవాళ్ళకు ఒక హామీ: ఈ ఊరు ఉంటుంది, మీ దస్తావేజు భద్రంగా ఉంటుంది, కౌంటీ కేంద్రం రేపు పక్క ఊరికి మారిపోదు. తర్వాత దశాబ్దంలో పడమటి కాన్సస్‌లో కౌంటీ కేంద్రం ఎక్కడుండాలని ఊళ్ళు తుపాకులతో కొట్టుకున్నాయి. రాతితో కట్టేసిన ఊరికి ఆ టెన్షన్ లేదు. లెక్క కొంతకాలం నిజమైంది కూడా: 1880కి 6,081 మంది, 1890కి 8,233, 1900లో 8,246. అదే గరిష్ఠం. ఆ తర్వాత ఒక్క 1990ల దశాబ్దంలో తప్ప తగ్గుతూనే వచ్చింది.

రైలు దారి నదికి ఉత్తరంగానే పోవడంతో అక్కడ ఇంకో ఊరు పుట్టింది. 1881లో దానికి శాంటా ఫే రైల్వే అధ్యక్షుడు విలియం బార్‌స్టో స్ట్రాంగ్ పేరు పెట్టారు, అదే స్ట్రాంగ్ సిటీ. రెండు ఊళ్ళ మధ్య రెండు మైళ్ళు కూడా లేదు, కొన్నాళ్ళు గుర్రాలు లాగే ట్రామ్ నడిచింది. దక్షిణాన కోర్టు, కాగితాలు. ఉత్తరాన రైలు, క్వారీలు, పశువులు.

ఇక గడ్డి. ఈ గుట్టల మీద పెరిగే బ్లూస్టెమ్ గడ్డి మనిషి ఎత్తు దాటుతుంది, వేళ్ళు అంతకంటే లోతుకు దిగుతాయి. సున్నపురాయి నేల మీద పెరిగిన ఆ గడ్డి మేస్తే పశువుకు త్వరగా కండ పడుతుందని రాంచ్, అంటే పశువులను మేపే పెద్ద భూముల, యజమానులు చెబుతారు. వసంతంలో ఎండుగడ్డి తగలబెడతారు, లేత గడ్డి లేస్తుంది. టెక్సస్ నుంచి రైళ్ళలో బక్కచిక్కిన కోడెలను దించి, వేసవంతా మేపి, మళ్ళీ రైలెక్కించి కాన్సస్ సిటీ సంతకు పంపేవాళ్ళు. ఈ వ్యాపారానికి కావలసింది భూమి, చాలా భూమి. మనుషులు కాదు. గుట్ట మీది 160 ఎకరాలతో ఏ కుటుంబమూ బతకలేదు. పంట పండదు, పశువులను పెంచడానికి చాలదు. కాబట్టి అమ్ముకున్నారు, కొన్నవాడు పక్కవాడిది కూడా కొన్నాడు. ఐయోవాలో జనం తగ్గడానికి ట్రాక్టరు పెద్ద కారణం. ఇక్కడ ట్రాక్టరు రాకముందే రాయి ఆ పని మొదలుపెట్టింది.

ఆ కొన్నవాళ్ళలో బాగా తెలిసిన పేరు స్టీఫెన్ జోన్స్. 1878లో వచ్చి, స్ట్రాంగ్ సిటీకి ఉత్తరంగా దాదాపు 7,000 ఎకరాలు కూడగట్టి, 1881లో స్ప్రింగ్ హిల్ అనే రాంచ్ ఇల్లు కట్టించాడు. కోర్టు భవనంలాగే సెకండ్ ఎంపైర్ తీరు, గుట్ట వాలులోకి దిగేసిన రాతి ఇల్లు. పక్కనే మూడంతస్తుల రాతి బార్న్, అంటే పశువులకూ గడ్డికీ కట్టే కొట్టం, 110 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. దీన్ని కూడా వాలులోనే కట్టారు, ఎందుకంటే అలా కడితే ఒక వైపు కింది అంతస్తు నేల మట్టానికి తెరుచుకుంటుంది, పశువులు అటునుంచి వస్తాయి, మరో వైపు బళ్ళు ర్యాంపు మీదుగా నేరుగా పైకి వస్తాయి, పైన నింపిన గడ్డి కిందికి తోస్తే చాలు. యంత్రం లేదు, వాలే యంత్రం. కోళ్ళ గూడు, మరుగుదొడ్డి కూడా రాతివే. ఇంత శ్రద్ధగా కట్టించుకున్న మనిషి 1888లో అంతా బార్నీ లాంట్రీ అనే పొరుగు రాంచ్ యజమానికి అమ్మేశాడు. లాంట్రీ రైల్వేకు పనులు చేసిన పెద్ద కాంట్రాక్టరు, క్వారీల యజమాని కూడా. అంటే రాయి, రైలు, గడ్డి మూడూ ఒక్క మనిషి చేతిలోకి వచ్చాయి.

ఆ రాంచ్‌కు దగ్గర్లో గుట్ట మీద ఒంటరిగా ఒకే గది బడి ఉంది, లోయర్ ఫాక్స్ క్రీక్ స్కూల్, 1882లో కట్టింది. ఒక టీచరు, ఒక పొయ్యి, చిన్నా పెద్దా పిల్లలంతా ఒకే చోట. 1930లో మూతపడింది. నాకు ఈ కౌంటీలో అన్నిటికంటే ఇష్టమైన కట్టడం ఇదే. లోపల నిలబడి కిటికీలోంచి చూస్తే గడ్డి, రాతి గోడ, రోడ్డు, అంతే. ఈ చూపు మేరలో ఒక బడికి సరిపడా పిల్లలు ఉండేవాళ్ళంటే, చూస్తూ కూడా నమ్మడం కష్టం.

మరి ఇవి ఎలా నిలిచాయి? జనం పెరిగే చోట పాత భవనాన్ని కూల్చడానికి కారణం దొరుకుతుంది: పార్కింగ్ కావాలి, పెద్ద కోర్టు కావాలి, సూపర్ మార్కెట్ కావాలి. చేజ్ కౌంటీలో 1900 తర్వాత ఆ ఒత్తిడే లేదు. అందుకే ఇది కాన్సస్‌లో ఇప్పటికీ పనిచేస్తున్న అత్యంత పాత కౌంటీ కోర్టు భవనం. జనం లేకపోవడమే భవనాన్ని ఒక ప్రమాదం నుంచి కాపాడింది. అదే జనం లేకపోవడం ఇప్పుడు ఇంకొక ప్రమాదం తెస్తోంది, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టాలన్నది. కప్పు కారితే ఆ 2,572 మంది పన్నుల్లోంచే మొదట రావాలి.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. కోర్టు భవనం 1971 నుంచి నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశంలోని చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది, బడి 1974 నుంచి. రిజిస్టర్‌లో ఉంటే ఇక ఎవరూ ముట్టుకోలేరని అనుకుంటాం, మన పురావస్తు శాఖ బోర్డుల అలవాటు కొద్దీ. అలా కాదు. 1966 చట్టం కింద ఆ రిజిస్టర్ ప్రధానంగా ఒక గుర్తింపు. సొంత భూమిలో, సొంత డబ్బుతో యజమాని తన కట్టడాన్ని ఏం చేసుకున్నా ఆ జాబితా ఒక్కటే అడ్డుకోలేదు. కేంద్ర ప్రభుత్వ డబ్బో అనుమతో ఆ పనిలో ఉంటేనే కేంద్రం సమీక్ష వస్తుంది. రాష్ట్రానికీ ఊరికీ సొంత నియమాలు ఉండొచ్చు, అది వేరే. సాయం కూడా ఉంది: సరైన పద్ధతిలో బాగుచేస్తే ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులో తగ్గించుకోవచ్చు, కానీ ఆదాయం తెచ్చే భవనమైతేనే. బ్రాడ్‌వే మీది హోటల్‌కు అది పనికొస్తుంది. గుండ్రటి గడ్డి చుట్టలు, పెద్ద యంత్రాలు వచ్చాక వాడకమే లేకుండా పోయిన తాతల నాటి బార్న్‌కు పనికిరాదు. కప్పు ఒక మూల లేస్తే నీళ్ళు గోడ లోపలికి దిగుతాయి, తర్వాత రాతి గోడ కూడా ఎంతోకాలం ఆగదు. మిడ్‌వెస్ట్‌లో పాత బార్న్‌లు ఎక్కువగా పోయేది ఇలాగే, బుల్డోజరుతో కాదు, కప్పు కారి.

డబ్బు పెట్టినా తప్పు జరగొచ్చు, దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలనుంది. పాత రాతి గోడ సందుల్లో ఉన్నది సున్నం. అది రాయి కంటే మెత్తన, గోడలోకి వెళ్ళిన తేమ ఆ సందుల్లోంచి మెల్లగా బయటికి వచ్చేస్తుంది. సున్నం రాలిందని ఎవరో మంచి మనసుతోనే సిమెంటు పూస్తారు. సిమెంటు రాయి కంటే గట్టిది, తేమను వదలదు. నీళ్ళు రాతి వెనకే ఉండిపోతాయి. కాన్సస్ చలికాలంలో అవి గడ్డకట్టి ఉబ్బుతాయి. సిమెంటు చెక్కుచెదరదు, రాయి ముఖం పెచ్చులూడుతుంది. నూటయాభై ఏళ్ళు నిలిచిన గోడ ఇరవై ముప్ఫై ఏళ్ళలో పాడవుతుంది. మన పాత గుళ్ళకు, కోటలకు గానుగ సున్నం పోయి సిమెంటు పూత వచ్చినచోట జరిగిందీ ఇదే జాతి తప్పు. సున్నపు పని తెలిసిన మేస్త్రీ ఒకడు దొరకడం ఏ జాబితాలో పేరుండటం కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

జోన్స్ రాంచ్ కథ ఇంకో రకం. 1980ల చివర్లో దాన్ని జాతీయ పార్కు చేయాలన్న ప్రతిపాదన వస్తే స్థానిక రాంచ్ యజమానులు గట్టిగా ఎదిరించారు. కేంద్రం ఒకసారి అడుగుపెడితే పక్క భూములు కూడా లాక్కుంటుందని భయం, ప్రభుత్వ భూమికి ఆస్తి పన్ను ఉండదు కాబట్టి కౌంటీ ఆదాయం పోతుందని భయం. బయటినుంచి చూస్తే మొండితనం అనిపిస్తుంది, కానీ ఇంత చిన్న కౌంటీలో 11,000 ఎకరాలు పన్ను జాబితాలోంచి పోవడం చిన్న విషయం కాదు. చివరికి ఒక నడిమి దారి దొరికింది. 1994లో ఒక ప్రైవేటు సంస్థ, నేషనల్ పార్క్ ట్రస్ట్, రాంచ్‌ను కొంది. 1996లో చట్టం చేసి టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ అని పేరు పెట్టారు, కానీ కేంద్రం అందులో 180 ఎకరాలకు మించి సొంతం చేసుకోకూడదని ఆ చట్టంలోనే రాశారు. మిగతా భూమి 2005 నుంచి నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థది. జాతీయ పార్కుల శాఖ నడిపిస్తుంది, భూమి మాత్రం దాదాపు అంతా దానిది కాదు. ఇల్లు, బార్న్, బడి బాగున్నాయంటే ఈ ఒప్పందం వల్లే. 2009లో అక్కడికి బైసన్‌లను, అంటే అమెరికా అడవిదున్నలను, కూడా తిరిగి తెచ్చారు.

ఇంతా చెప్పాక, నిలిచిన కట్టడాలను చూసి కౌంటీ చరిత్ర అంతా తెలిసిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. రాయి కొనగలిగినవాళ్ళ ఇళ్ళే నిలిచాయి. క్వారీ కూలీలు, పశువుల కాపర్లు, కౌలు రైతులు ఉన్న చెక్క ఇళ్ళలో చాలావరకు ఆనవాళ్ళు కూడా లేవు. కోర్టులోని రిజిస్టర్ ఆఫీసులో ఏ పొలం దస్తావేజు పట్టుకుని వెనక్కి వెళ్ళినా చివరికి ప్రభుత్వ పట్టా దగ్గరో రైల్వే అమ్మకం దగ్గరో ఆగిపోతుంది. అంతకుముందు ఆ గుట్ట ఎవరిదో ఆ పుస్తకాల్లో ఉండదు.

కా ప్రజలకు కూడా రాతి ఇళ్ళున్నాయి. 1860ల మొదట్లో ప్రభుత్వం వాళ్ళను ఒక చోట కదలకుండా ఉండే రైతులుగా మార్చాలని కౌన్సిల్ గ్రోవ్ రిజర్వేషన్‌లో వందకు పైగా చిన్న రాతి ఇళ్ళు కట్టించింది. వాళ్ళు ఆ ఇళ్ళలో ఉండటానికి ఇష్టపడలేదు, తమ గుడిసెల్లోనే ఉన్నారు, చాలా ఇళ్ళను గుర్రాలకు వాడుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి వాళ్ళనే పంపించేశారు. కాటన్‌వుడ్ ఫాల్స్ నుంచి 177వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే, కౌన్సిల్ గ్రోవ్‌కు దక్షిణంగా ఆ ఇళ్ళలో కొన్నిటి మొండి గోడలు ఇంకా ఉన్నాయి, అదే రకం సున్నపురాయి. ఆ గోడలున్న భూమిని కా నేషన్ తన డబ్బుతో తిరిగి కొనుక్కుంది. అలెగవాహో అనే తమ పెద్ద పేరుతో అక్కడొక స్మారక పార్కు పెట్టుకున్నారు. చేజ్ కౌంటీ కోర్టు చూడటానికి వెళ్ళినవాళ్ళు ఇంకో అరగంట ప్రయాణం చేసి దాన్ని కూడా చూసి రండి.